ఆఖరి బల్ల కింద గుప్పెడు చీకటి

పోశం మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి బాబుపేట్ రోడ్ల మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకునేది. ఆయన సైకిల్‌ను గోడకు ఆనించి, తొట్టి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, హ్యాండిల్‌కు తగిలించిన డబ్బాను భార్య చేతికి ఇచ్చేవాడు. పొద్దున ఐలమ్మ జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టి పంపిన డబ్బా అది. తిరిగి వచ్చేటప్పుడు అందులో బొగ్గు బాయిలోని చీకటి ఉండేది.

ఐలమ్మ దాన్ని నడింట్లో పెట్టి మూత తీసేది. చీకటి ముందు నేల మీద పరుచుకునేది, తర్వాత గోడలు ఎక్కేది, పైన రేకుల దాకా పోయి ఆగేది. ఇల్లంతా తడిమట్టి వాసన, దాని వెనక సన్నగా బొగ్గు వాసన. బయట చంద్రపూర్ ఎండ ఎంత మండినా లోపల మనుషులు దుప్పటి వెతుక్కునేవారు. పొద్దు వాలాక డబ్బాను మూలకు పెట్టి వేలితో తట్టితే చీకటి దానంతట అదే వచ్చి అందులో ఒదిగేది. మరునాడు పోశం వెంట మళ్లీ కిందికి దిగేది.

బొగ్గు బాయిలో పనిచేసే తెలుగువాళ్ల ఇళ్లన్నిటిలో ఎండాకాలం ఇలాగే గడిచేది. పసిపిల్లకు వడదెబ్బ తగిలితే పక్కింటి మరాఠీవాళ్లు గిన్నె పట్టుకుని వచ్చి, "మావ్‌శీ, థోడా అంధార్ ద్యా" అని కొంచెం చీకటి అడిగేవారు. ఐలమ్మ గిన్నెడు పోసి ఇచ్చి, "పొద్దూకినంక మర్చిపోకుండ తెచ్చియ్యుండ్రి" అని చెప్పేది. చెప్పి ఊరుకునేది కాదు. పొద్దూకగానే తానే పోయి గిన్నె తెచ్చుకునేది.

ఎందుకంటే తెచ్చిన చీకటిని తెచ్చినంతా కిందికి దించాలి. అది బాయి కట్టుబాటు. దీపాలు ఇచ్చే గది కిటికీ దగ్గర భీమయ్య ప్రతి డబ్బానూ చేత్తో ఎత్తి చూసి గానీ దీపం ఇచ్చేవాడు కాదు. చీకటి తక్కువైతే కింద ఆ మనిషి పనిచేసే చోట అంత మేర వెలుతురు మిగిలిపోతుంది. వెలుతురు చూస్తే మనిషి తాను ఎక్కడున్నాడో మరిచిపోతాడు. డబ్బాలు ఎత్తి చూడటం మొదలుకాక ముందు అప్పలనర్సయ్య అనే కార్మికుడు అలాగే పోయాడు. బిడ్డ మంచి నిద్రలో ఉందని అతని భార్య ఊయలలో కొంచెం చీకటి ఉంచేసింది. కింద అప్పలనర్సయ్య సొంత వాకిట్లో కూర్చున్నట్టు టోపీ తీసి పక్కన పెట్టుకుని, కప్పు వైపు చూడకుండా రొట్టె తింటుండగా మీది నుంచి బండ జారింది. ఊయలలో నిద్రపోయిన ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. ఈ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

చీకటికి ఇంకో గుణం ఉంది. తనలో పలికిన మాటలను అది దాచుకుంటుంది. పైన ఒక్కటీ బయటపెట్టదు. కిందికి దిగాక, దాని చోట మూత తీస్తే, విన్నదంతా వరసగా వినిపిస్తుంది. అందుకే బాబుపేట్‌లో ఆలుమగలు చీకట్లో పోట్లాడుకునేవారు కాదు. ఎండలోకి పోయి పోట్లాడుకునేవారు.

పోశం ఒక్కగానొక్క బిడ్డ హేమలత ఆ సంవత్సరం బి.ఎస్సీ. ఆఖరి పరీక్ష తప్పింది. కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ రెండూ పోయాయి. చదవక కాదు. పుస్తకం మొదటి పేజీ నుంచి కంఠస్థం చేసింది. అర్థం చేసుకోవడం కష్టం, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఆమె తేలికైన పనిని చాలా కష్టపడి చేసింది. ప్రశ్నలో అంకె మార్చి ఇచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

తప్పినవాళ్ల కోసం విశ్వవిద్యాలయం ఆ ఎండాకాలం తరగతులు పెట్టింది. వానలు పడకముందే పరీక్ష. అందులో గట్టెక్కితే డిగ్రీ చేతికి వస్తుంది. కోర్పనా దిక్కున ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నాణ్యత చూసే గదికి స్టాటిస్టిక్స్ చదివిన పిల్లలు కావాలన్నారు. హేమలత పేరు రాసుకుని, మార్కుల కాగితం తెమ్మన్నారు.

ఆ ఉద్యోగం ఆ ఇంటికి అవసరం. ఆ ఏళ్లలో దేశం తలుపులు తెరుస్తోందని పేపర్లు రాసేవి. చంద్రపూర్ చుట్టూ మాత్రం భూమిని తెరుస్తున్నారు. మాజ్రి దిక్కున ఇళ్లంత యంత్రాలు వచ్చి కొండలను తవ్వి పక్కన పోస్తున్నాయి. అటువంటి తెరిచిన గుంతల్లో చీకటి దొరకదు, మనుషుల అవసరమూ తక్కువ. పోశం దిగే బాయిని కూడా మూసేస్తారని, కొందరిని ముందే ఇంటికి పంపిస్తారని అందరూ చెప్పుకుంటున్నారు.

"నాకేం రంది లేదు బిడ్డా" అన్నాడు పోశం. "నువ్వు పాసైన నాడు దీపం అప్పజెప్పి, బాయికి దండం పెట్టి వచ్చేస్త. ఎన్నిసార్లు దిగిననో నాకే యాదికి లేదు. ఇగ చాలు."

"నేను పాస్ కాకపోతేనో?"

"ఇంకో ఏడు దిగుత. అండ్ల ఏమున్నది?"

ఏమున్నదో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

తరగతులు మధ్యాహ్నం, మొదటి షిఫ్టు విడిచే వేళ దాటాక, కాలేజీ వెనక రేకుల హాల్లో జరిగేవి. మొదటి వారంలోనే ఒక అమ్మాయి సొమ్మసిల్లి పడిపోయింది. మరునాడు హేమలత తండ్రి డబ్బా తెచ్చింది. ఇంట్లో ఐలమ్మ, "తీస్కపో. నేను తడిబట్ట కప్పుకుంట" అంది. నెలరోజుల పైన ఆ తల్లి మధ్యాహ్నాలన్నీ తడిబట్ట కిందనే గడిచాయి.

పాఠం చెప్పే అనంతరావు సార్‌ది రాజురా దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, తరగతిలో మరాఠీ. ఆయన డబ్బా వైపు చూసి, "సగం మూతే తెరువు హేమా. బోర్డు కనపడాలె" అన్నాడు. చీకటి బల్లల మధ్య నిండింది. సుద్దముక్క గీతలు మరింత తెల్లగా కనిపించాయి కానీ ఎవరి నోటుబుక్కు వారికి కనిపించలేదు.

"రాయకుండ్రి" అన్నాడు సార్. "నోటితో చెప్పుండ్రి. చెప్పరాకపోతే మీకు తెల్వదన్నట్టు."

హేమలతకు మొదట ఏడుపు వచ్చింది. రాసుకోనిదే ఆమెకు ఏదీ గుర్తుండదు. గుర్తుపెట్టుకునే వీలు లేక ఆమె మొదటిసారి ఆలోచించవలసి వచ్చింది.

"ఎక్స్ దగ్గరికి పోతున్నది" అనేవాడు సార్. "ఇంకా దగ్గరికి. ఇంకా. ముట్టుకోదు. ముట్టుకోకున్నా ఎటు పోతున్నదో మనకు తెలుస్తది. అది తెలుసుకునుడే లిమిట్."

అందరూ దాన్ని పైకి అనేవారు. మెల్లగా హేమలతకు లెక్కను పెదవులతో గొణుక్కుంటూ చేసే అలవాటు పడింది.

కింద బాయిలో పోశం జట్టు వాళ్లు రోజూ ఆ పాఠం వినేవారు. తమ పని చోటికి ముందున్న మలుపు దగ్గర డబ్బా మూత తీసి, చీకటి తన జాగాలో సర్దుకునే దాకా నిలబడటం వాళ్లకు మామూలే. ఇప్పుడు కొంచెం ఎక్కువసేపు నిలబడుతున్నారు.

"మా జట్టు ఎర్రయ్య ఏమంటుండు తెలుసా?" అని నవ్వాడు పోశం అన్నం తింటూ. "'బావా, నిన్న ఎక్స్ అంత దగ్గరికొచ్చి ఆగె, ఇయ్యాలన్న చేరిందా?' అంటుండు."

"చేరదటనా?" అంది ఐలమ్మ.

"చేరదంట."

"మరెందుకు పోతది, పనిలేక?"

హేమలత కూడా నవ్వింది. ఆ ఎండాకాలంలో ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వింది బహుశా అప్పుడే.

కాలిక్యులస్ పట్టుబడింది. స్టాటిస్టిక్స్‌లో సగటులు, తేడాలు పట్టుబడ్డాయి. ప్రాబబిలిటీ మాత్రం లొంగలేదు. సార్ పాచికలు, నాణేలు, పేకముక్కలు అంటూ చెప్పేవాడు. పేకముక్కలు పట్టుకున్నవాళ్లను ఇంట్లోకి రానివ్వని కుటుంబం అది. ఎర్ర ముక్కలు ఎన్నో, నల్ల ముక్కలు ఎన్నో ఆమెకు తెలియదు. పరీక్ష దగ్గర పడేకొద్దీ ఆమె నిద్ర తగ్గింది.

ఆఖరి తరగతి శనివారం. సార్ వెళ్లిపోయాక హేమలత డబ్బా తట్టి చీకటిని పిలవబోతుంటే రాకేష్ వచ్చాడు. అతను ఆఖరి బల్ల మీద కూర్చునేవాడు. తండ్రి బాలకిషన్‌కు బొగ్గు తోలే టిప్పర్లు ఉన్నాయి. చెడ్డవాడేమీ కాదు. కష్టపడితే తప్ప రానివి కొన్ని ఉంటాయని అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

"టెన్షన్ కశాలా ఘేతేస్ గ హేమా?" అన్నాడు, దిగులెందుకన్నట్టు. "మా చిన్నాయన కొడుకు కిటికీ కాడ నిలబడి జవాబులు అందిస్తడు. నువ్వు ఒక గుప్పెడు చీకటి నా బల్ల కింద ఇడిచిపెట్టు, చాలు. నా దగ్గర కొత్త కీచైన్ లైటున్నది. చిట్టీలు చీకట్ల పెట్టుకుని చదువుకుంట, బయటికి కనపడదు. నేను రాసినంక చిట్టీ నీకు."

"మా బాపు దించాలె దాన్ని."

"గుప్పెడేగా! ఏం, భీమయ్య కాక తరాజు పెట్టి జోకుతడా?"

"నాకు భయమైతది రాకేష్."

"తప్పితే భయం కాదా? ఒక్కనాడు. పరీక్ష అయినంక నువ్వే తీస్కపో. ఒక్కనాటికి ఏమైతది?"

ఒక్కనాటికి ఏమైతది అన్న మాట ఆమెకు నచ్చింది. నచ్చింది గనుక నిజమనుకుంది. డబ్బా తట్టింది. చీకటి వచ్చి చేరుతుండగా, ఆఖరి బల్ల కింద గుప్పెడు మిగిలి ఉండగానే మూత పెట్టేసింది. తమ మాటలన్నీ ఆ చీకట్లోనే నడిచాయని ఆమెకు తట్టలేదు. తప్పు చేయబోయే మనిషికి తన భయం తప్ప ఇంకేదీ వినపడదు. భయపడటం తప్పు కాదు. తన భయాన్ని తీసుకుపోయి ఇంకొకరి నెత్తిన పెట్టడం తప్పు. ఆమె దాన్ని కన్నతండ్రి నెత్తిన పెట్టింది.

ఆదివారం బాయికి సెలవు. మధ్యాహ్నం ఐలమ్మ నడింట్లో డబ్బా తెరిచింది. పోశం నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. చీకటి ఆయన మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. పాదాలు రెండూ వెలుతురులో ఉన్నాయి. పగిలిన మడమలు, ఎంత తోమినా పోని బొగ్గు గీతలు.

"ఇదేంది, కాళ్ల దాక రాలేదు?" అంది ఐలమ్మ.

"ఎండకు ఇంకిందేమో అవ్వా" అంది హేమలత.

ఎండకు ఇంకే చీకటిని ఐలమ్మ తన జన్మలో చూడలేదు. కానీ కూతురు చదువుకున్నది. ఐలమ్మ తన పైట కొంగు తీసి మగని పాదాల మీద కప్పింది. హేమలత పుస్తకం ముందు కూర్చుంది. ఆ రోజంతా ఒక్క పేజీ తిప్పలేదు.

సోమవారం పరీక్ష. ఆనాటి నుంచి పోశంను రెండో షిఫ్టుకు మార్చారు. బిడ్డ బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి, "భయపడకు. ఎక్స్ చేరకున్నా మంచిదే, ఎటు పోతున్నదో తెలిస్తే చాలు" అన్నాడు. ఆమె తండ్రి మొహం చూడలేక చెప్పులు చూసుకుంటూ వెళ్లిపోయింది.

రేకుల హాల్లో ఎవరి పాత చోట్లలో వారిని కూర్చోబెట్టారు. హేమలతది ఆఖరి బల్లకు ముందు బల్ల. గుప్పెడు చీకటి వెనక నుంచి చల్లగా ఆమె మడమలకు తగులుతోంది. అనంతరావు సార్ ప్రశ్నపత్రాలు పంచి, బల్లల మధ్య తిరుగుతున్నాడు. కాసేపటికి కిటికీ చువ్వల్లోంచి ఏదో జారింది. వెనక రాకేష్ వంగాడు. బయటికి ఏ వెలుగూ కనపడలేదు.

కాలిక్యులస్ భాగం ఆమె తానే చేసింది. తర్వాత ప్రాబబిలిటీ వచ్చింది. ఈసారి పాచికలు లేవు, పేకముక్కలు లేవు. ఒక కార్మికుడికి ఒక షిఫ్టులో ప్రమాదం జరిగే ప్రాబబిలిటీ చాలా చిన్నది, దాని పేరు 'పి' అనుకోండి. అతడు 'ఎన్' షిఫ్టులు పని చేస్తే కనీసం ఒక్కసారైనా ప్రమాదం జరిగే ప్రాబబిలిటీ ఎంత? షిఫ్టులు పెరుగుతూ పోతే అది దేని వైపు వెళుతుంది?

హేమలత దాన్ని రెండోసారి చదివింది. పెదవులు వాటంతట అవే కదిలాయి.

"ఒక్క షిఫ్టు ఏం కాకుండ ఇంటికి వచ్చుడు... ఒకట్ల నుంచి పి తీసేస్తే వస్తది. రెండు షిఫ్టులు ఏం కాకుండ వచ్చుడు... దాన్ని దానితోనే గుణించాలె. మూడోనాడు మళ్లొక్కసారి. ఒకటి కంటే తక్కువదాన్ని ఎన్నిసార్లు గుణిస్తే అంత చిన్నగైతది. ఇంటికి వచ్చుడు చిన్నగైతనే ఉంటది..."

ఆమె గొణుగుడు ఆగింది. ఇన్నాళ్లూ లొంగని లెక్క ఎదురుగా నిలబడి ఉంది. దానిలో ఉన్నది పేకముక్కలు కావు, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించిన డబ్బా. 'పి' చిన్నదని ప్రశ్నలో రాసి ఉంది. మామూలు రోజున చిన్నదే. డబ్బా తేలికైన రోజున ఎంత?

ఒక్కనాటికి ఏమైతది?

వెనక నుంచి రాకేష్ వేళ్లు ఆమె వీపును తాకాయి. మడిచిన చిట్టీ. ఆమె తీసుకోలేదు. కలం బల్ల మీద పెట్టి లేచింది. సంచిలోంచి మధ్యాహ్నానికి తెచ్చుకున్న చిన్న డబ్బా తీసి, అందులోని రొట్టెలు బల్ల మీద పెట్టేసి, ఆఖరి బల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నేలను తట్టింది.

"ఏయ్, వేడీ ఝాలీస్ కా?" పిచ్చి పట్టిందా అన్నట్టు రాకేష్ గుసగుసలాడాడు.

చీకటి కదిలి ఆమె డబ్బాలోకి రావడం మొదలుపెట్టింది. రాకేష్ ఒళ్లో చిట్టీలు, చిన్న లైటు పట్టపగలు బయటపడ్డాయి. సార్ గబగబా వచ్చాడు.

"ఏందిది హేమా?"

"మా బాపు చీకటి సార్. శనివారం నేనే ఇడిచిపెట్టిన. కాపీ కొట్టేటందుకు. జవాబులు నాకు కూడ ఇస్తనన్నడు, నేను సరే అన్న. మా బాపు రెండో షిఫ్టు దిగుతడు. తక్కువ డబ్బాతోని దిగుతడు. నాకు పోవాలె."

చీకటి చివరి పోగు ఆ మాటల మధ్యే డబ్బాలో దూరింది.

అనంతరావు సార్ ఆమె బల్ల మీది ప్రశ్నపత్రం వైపు చూశాడు. ఆయన కూడా ఆ లెక్క చదివినవాడే. "బయటికి పోతే మళ్ల లోపలికి రానియ్య. నువ్వు చెప్పింది నేను పైకి రాస్త. రాయకుండ ఉండలేను" అన్నాడు.

"రాయుండ్రి సార్" అని ఆమె డబ్బా మూత పెట్టింది.

ఆమె నడిరోడ్డు మీదికి వచ్చేసరికి ఎండకు కళ్లు బైర్లు కమ్మాయి. రిక్షాలు లేవు, మనుషులు లేరు. డబ్బాను చున్నీలో చుట్టి పొట్టకు అదుముకుని గోడల వెంబడి, దుకాణాల రేకుల కింద, నీడ దొరికిన చోటల్లా నీడలోంచి పరుగెత్తింది. డబ్బా రేకు వేడెక్కింది. లోపల చీకటి చిన్న జంతువులా కదిలింది. బాయి దగ్గర రెండో షిఫ్టు కూత ఆమె రోడ్డు మలుపులో ఉండగానే వినిపించింది.

దీపాల గది దగ్గర మిగిలింది ఇద్దరే. భీమయ్య కిటికీ లోపల, పోశం బయట.

"తక్కువున్నది బావా" అంటున్నాడు భీమయ్య.

"ఎండకు ఇంకింది. దీపం ఇయ్యి."

"ఎండకు ఇంకుడా? ఎవడు చెప్పిండు నీకు?"

"నా బిడ్డ చెప్పింది. బి.ఎస్సీ. చదివింది."

"బి.ఎస్సీ.ల చీకటి పాఠం కూడ ఉంటదా? నేను దించనియ్య పో."

"హాజరీ పోతది భీమయ్యా. ఎవని పేరు తీసేద్దామా అని కూర్చున్నరు వాళ్లు. ఇయ్యి నీ కాళ్లు మొక్కుత." భీమయ్య మొహం పక్కకు తిప్పుకుని దీపం కిటికీ మీద పెట్టాడు. పోశం దాన్ని అందుకుంటుండగా వెనక నుంచి బిడ్డ గొంతు వినిపించింది.

"బాపూ, ఆగు!"

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. చిన్న డబ్బా మూత తీసి ఆయన డబ్బా మీద వంచింది. గుప్పెడు చీకటి చప్పుడు లేకుండా తన వాళ్లలో కలిసింది. భీమయ్య కిటికీలోంచి చెయ్యి చాపి ఎత్తి చూశాడు.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

పోశం బిడ్డ వేళ్లకు అంటిన సిరా చూశాడు. ఆకాశంలో సూర్యుడు ఎక్కడున్నాడో చూశాడు. పరీక్ష ముగిసే వేళ ఇంకా కాలేదు.

"లేచొచ్చినవా?"

ఆమె తల ఊపింది. ఆయన డబ్బా అందుకున్నాడు. దీపం టోపీకి తగిలించుకుని లోపలికి దిగిపోయాడు.

కింద జరిగింది ఎర్రయ్య తర్వాత అందరికీ చెప్పాడు. ఎప్పటిలాగే మలుపు దగ్గర పోశం డబ్బా మూత తీశాడు. చీకటి పరుచుకుంది. మాటలు మొదలయ్యాయి. ముందు సార్ పాఠం. తర్వాత ఒక కుర్రవాడి గొంతు, గుప్పెడు చీకటి ఇడిచిపెట్టమని. మా బాపు దించాలె అని హేమలత గొంతు. మూత పడిన చప్పుడు. ఎండకు ఇంకిందేమో అన్న ఆదివారపు మాట.

పోశం తల దించుకున్నాడు. జట్టు వాళ్లెవరూ ఆయన వైపు చూడలేదు. "నడువుండ్రి, పని కాడికి పోదాం" అని ఆయన డబ్బా అందుకోబోయాడు. ఎర్రయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు బావా. బిడ్డ ఇంకా మాట్లాడుతున్నది."

గొణుగుడు వినిపించింది. ఒక్క షిఫ్టు ఏం కాకుండ ఇంటికి వచ్చుడు, రెండు షిఫ్టులు ఏం కాకుండ వచ్చుడు. లెక్క వాళ్లకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఇంటికి వచ్చుడు చిన్నగైతనే ఉంటది అన్నది మాత్రం అందరికీ అర్థమైంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం కూడా పరీక్ష హాలుదే కాబట్టి వాళ్లు దాన్ని కూడా విన్నారు. ఒక ఆడపిల్ల మాట మధ్యలో ఆగితే లేచిపోవడం మర్యాద కాదు. అప్పుడు వినిపించింది: "మా బాపు చీకటి సార్. నేనే ఇడిచిపెట్టిన."

పోశం బండకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మిగతావాళ్లు కూడా కూర్చున్నారు. ఆమె చెప్పింది చివరిదాకా విన్నారు. సార్ రాస్తానన్నది విన్నారు. రాయుండ్రి అన్న మాట కూడా విన్నారు.

మామూలుగా అయితే ఈపాటికి వాళ్లు ముందున్న పని చోట తట్టలు ఎత్తుతూ ఉండేవారు. ఆ చోటి నుంచే అప్పుడు గాలి వచ్చి కొట్టింది. దీపాలన్నీ దుమ్ములో ఎర్రగా మారాయి. తర్వాత చప్పుడు. కప్పు మొత్తం ఒక్కసారిగా కూర్చుంది. తట్టలు, పారలు కింద ఉండిపోయాయి. మనుషులు మలుపు దగ్గర, మూత తీసిన డబ్బా చుట్టూ ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి పేపర్లో రాలేదు.

మరునాడు పొద్దున పోశం వేపపుల్ల నములుతూ వాకిట్లో కూర్చున్నాడు. హేమలత కళ్లు వాచి ఉన్నాయి. ఐలమ్మ పొయ్యి దగ్గర రొట్టె తడుతోంది.

"అంతా విన్న బిడ్డా" అన్నాడు పోశం.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"మొదలు విన్నది నా జన్మల మర్చిపోను. ఆఖరికి విన్నది కూడ మర్చిపోను." ఆయన వేపపుల్ల పారేశాడు. దానికి మించి ఆయన తిట్టలేదు, మెచ్చుకోలేదు. "ఆ లెక్క నడుమల ఇడిచిపెట్టినవ్. జవాబేంది?"

"ఎందుకు బాపూ ఇప్పుడు?"

"ఎర్రయ్య అడుగుతుండు. నేను కూడ అడుగుతున్న."

ఐలమ్మ చెయ్యి ఆగింది.

"షిఫ్టులు పెరిగే కొద్ది..." హేమలత తండ్రి పక్కన కూర్చుంది. "ఒకటి దిక్కు పోతది."

"ఒకటంటే?"

"ఒకటంటే... జరుగక తప్పదన్నట్టు."

"చేరుతదా?"

"చేరదు. దగ్గరికి పోతనే ఉంటది."

పోశం డబ్బా వైపు చూశాడు. "అయితే ఎటు పోతున్నదో తెలిసింది" అన్నాడు.

కాలేజీ ఇద్దరి పేర్లూ కొట్టేసి, మరుసటి ఎండాకాలం దాకా పరీక్షకు రానివ్వబోమంది. రాకేష్‌ను తండ్రి టిప్పర్ల లెక్కల మీద కూర్చోబెట్టాడు. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు ఇంకెవరినో తీసుకున్నారు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. తప్పును ఒప్పుకుంటే తప్పు తీరిపోదు, మోయడం మొదలవుతుంది, అంతే. కానీ ఇక్కడ మోస్తున్నది ఆమె ఒక్కతే కాదు. పోశం ఇంకో ఏడు దిగాలి.

లెక్క జవాబు అడిగిన రోజు మధ్యాహ్నమే ఆయన సైకిల్ తీస్తుంటే హేమలత అడ్డం వచ్చి డబ్బా తీసుకుంది. రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది. ఆ రోజు నుంచి భీమయ్య కంటే ముందు ఆమె చూసేది. తర్వాత మూత కొంచెం ఎత్తి, లోపలి చీకటికి నోరు దగ్గరగా పెట్టి ఒక లెక్క చెప్పింది. ఒక బావిలో నీళ్లు ఇంత వేగంగా ఊరుతుంటే, ఇంత వేగంగా తోడేస్తుంటే, అని మొదలుపెట్టి, జవాబుకు ఒక్క మెట్టు ముందు ఆపి, మూత గట్టిగా నొక్కింది.

"మిగిలింది?" అన్నాడు పోశం.

"పైకి వచ్చినంక చెప్త" అంది హేమలత.